ద్వాదశి నాటి నాలుగు టికెట్లు

పోయిన ఆదివారం మేం నలుగురం బయట భోంచేసి, మూడు వందల రూపాయలు మిగుల్చుకోవడం కోసం నాలుగు వందల ఎనభై రూపాయలు ఎక్కువ ఖర్చు పెట్టి వచ్చాం. లెక్క చెప్తాను. సుబేదారిలో మా ఇంటికి దగ్గర్లోనే కొత్తగా తెరిచిన హోటల్ అది. మా అబ్బాయి వేణు, కోడలు కవిత, మనవరాలు మేఘన బయలుదేరే ముందు అరగంట సేపు సోఫాలో పక్కపక్కనే కూర్చుని మూడు ఫోన్లలో ఒకే హోటల్‌ని చూశారు. ఏ ఫోన్‌లో ఆఫర్ పెద్దదో, ఏ కార్డుకు ఎంత తగ్గుతుందో తేలాక గానీ చెప్పులేసుకోలేదు. తిన్నాం. బిల్లు పదిహేను వందల నలభై అయింది. రెండు వేలు దాటితేనే మూడు వందలు తగ్గుతాయట. అందరి కడుపులూ నిండి ఉన్నాయి. అయినా మేఘన మెనూ మళ్లీ తెరిచి నాలుగు వందల ఎనభైకి తూగే వస్తువులు వెతికి తెప్పించింది. వాటిని ఎవరూ ముట్టుకోలేదు. డబ్బాల్లో కట్టించుకుని తెచ్చి ఫ్రిజ్‌లో పెట్టాం.

"రెండు వేల ఇరవై అయింది, మూడు వందలు పోతే పదిహేడు వందల ఇరవయ్యే నానమ్మా" అంది మేఘన హోటల్ మెట్లు దిగుతూ, గెలిచిన మొహంతో.

"ముందే లేచి వస్తే పదిహేను వందల నలభైతో పోవు గదనే."

"అట్ల చూడొద్దు. ఎంత మిగిలిందో చూడాలె."

నాకు నవ్వు ఆగలేదు. కారులో నవ్వాను, లిఫ్టులో నవ్వాను, పక్కింటావిడ ఏమైందని అడిగితే చెప్పలేక చెయ్యి ఊపి లోపలికొచ్చేశాను. "అట్ల చూడొద్దు" అనే ఆ మాట, ఆ గొంతు, ఆ కనుబొమలు పైకెత్తడం అచ్చం మా బాపువి, అంటే మా నాన్నవి. మేఘన ఆయన్ని చూడనే లేదు. ఆయన పోయిన చాలా ఏళ్లకు గాని అది పుట్టలేదు. ఇట్లాంటివి రక్తంలో వస్తాయని ఎవరైనా అంటే ఇన్నాళ్లూ నేను నమ్మేదాన్ని కాదు.

మా బాపుకు వరంగల్ చౌరస్తా వెనక వీధిలో మిర్చి దుకాణం ఉండేది. కింద దుకాణం, పైన ఇల్లు. మిర్చితోపాటు పసుపు, చింతపండు, ధనియాలు కూడా అమ్మేవాడు. తొర్రూరు వైపు నుంచి బండి మీద బస్తాలు దిగిన రోజు మెట్ల మీదుగా ఘాటు పైకెక్కి వచ్చేది. మా ఇంటికి కొత్తగా వచ్చిన చుట్టం ఎవరైనా ముందు తుమ్మి, ఆ తర్వాతే కూర్చునేవారు. మాకు తుమ్ములు రావు. మా బట్టలకు, పుస్తకాలకు, ఆఖరికి మా పాలగ్లాసుకు కూడా ఆ వాసన ఉండేదని బళ్లో నా పక్కన కూర్చునే పిల్ల చెప్పేది. బాపు మనిషి ఎండుమిరపకాయ లాగే సన్నగా, నిటారుగా ఉండేవాడు. పిసినారి అనడానికి నాకు నోరు రాదు. పెళ్లిళ్లకు బాగానే చదివించేవాడు, దుకాణం ముందుకు వచ్చిన ఎవరినీ ఖాళీ చేతులతో పంపేవాడు కాదు. కానీ ఏదైనా వస్తువు దాని ధరకే కొనడమంటే ఆయనకు ఓడిపోవడం లాగా ఉండేది. అందులోనూ హోటల్ భోజనం. ఇంట్లో అణా ఖర్చయ్యేదానికి అర్ధరూపాయి అడిగే మనుషుల మీద ఆయనకు కోపం కాదు, ఒకరకమైన పోటీ ఉండేది.

ఆ పోటీలో భాగంగా ఆయన ఏడాదికి మూడు నాలుగు సార్లు మమ్మల్ని హోటల్‌కు తీసుకెళ్లేవాడు. మమ్మల్ని అంటే అమ్మను, అన్నను, నన్ను. బాపు తల్లి, మా బాపమ్మ, బయటి నీళ్లు కూడా ముట్టదు కాబట్టి ఆమె లెక్కలో లేదు. మొదట్లో ఆయన పాటించిన పద్ధతి, ఇంట్లో తిని హోటల్‌కు పోవడం. సాయంత్రం అమ్మ పప్పూ అన్నం వండి అందరికీ కడుపునిండా పెట్టేది. గిన్నెలు తోమి, చీర మార్చుకునేది. ఆ తర్వాత స్టేషన్ రోడ్డులోని హోటల్‌కు నడిచి వెళ్లి, నలుగురం రెండు దోసెలు తెప్పించుకుని, సగం సగం తినేవాళ్లం. కడుపులో చోటు లేదు కాబట్టి సగం దోసెకే ఆయాసం వచ్చేది. "చూసినవా, సగం దోసెకే కడుపు నిండింది. ఒక్కొక్కటి చెప్పేటోల్లు పిచ్చోల్లు" అనేవాడు బాపు.

తర్వాత సాంబారు పద్ధతి వచ్చింది. దోసెకు డబ్బులు గానీ సాంబారుకు లేవని ఆయన కనిపెట్టాడు. రెండు దోసెలకు ఎనిమిది గిన్నెల సాంబారు తాగిన ఒక రోజు నాకు బాగా గుర్తుంది. నడిచి ఇంటికొస్తుంటే మా అన్న కడుపులోంచి బకెట్టులో నీళ్లు కదిలినట్టు చప్పుడొచ్చింది. కొన్నాళ్లకు ఆ హోటల్ గోడ మీద 'సాంబారు రెండుసార్లు మాత్రమే' అని బోర్డు వెలిసింది. ఎవరైనా అయితే సిగ్గుపడతారు. బాపు మాత్రం దుకాణానికి వచ్చినవాళ్లందరికీ ఆ బోర్డు తన మూలంగానే పెట్టారని చెప్పుకున్నాడు.

ఆ తర్వాతది పార్సిల్ పద్ధతి. హోటల్లో కూర్చుని తినేవాడికి వడ్డించే దానికన్నా, పార్సిల్ కట్టించుకునేవాడికి ఎక్కువ కడతారని ఆయన పరిశీలనలో తేలింది. రెండు పార్సిళ్లు నలుగురికి సరిపోతాయి. అవి పట్టుకుని పబ్లిక్ గార్డెన్‌లో గడ్డి మీద కూర్చునేవాళ్లం. కంచాలు, గ్లాసులు, నీళ్ల బిందె, ఉప్పు, పచ్చడి సీసా, కింద పరిచే చద్దరు, ఇవన్నీ అమ్మ ఇంటి నుంచి మోసుకొచ్చేది. పొట్లాలు విప్పి అందరికీ వడ్డించేది. చీమలను తోలేది. అన్నీ అయ్యాక నల్లా దగ్గర కూర్చుని కంచాలు కడిగేది. ఆమె తినేసరికి పొట్లాల్లో ఆకులు మిగిలేవి.

అప్పుడు నేను ఏడో తరగతి. ఒకరోజు అమ్మ కల్వంలో కారం దంచుతుంటే పక్కన కూర్చుని, హోటల్‌కు పోవడం నీకు ఇష్టమేనా అని అడిగాను. ఆమె రోకలి ఆపలేదు.

"నేనెప్పుడు పోయిన్నే?"

"అదేందమ్మా, అందరం పోయినం గద."

"వండి పెట్టి పోయిన. మోసుకొని పోయిన. తినుటానికి ఎప్పుడు పోయిన?" కొంచెంసేపు దంచి, మళ్లీ తనే అంది. "నాకేం పెద్ద కోరికలు లెవ్వు బిడ్డా. ఒక్కసారి నేను కూసోవాలె. ఎవలో వచ్చి నాకు వేడివేడిగ వడ్డించాలె. ఇగ చాలు అని నేనంటెనే ఆపాలె. పుట్టినింట్ల పెద్దపిల్లను, ఇక్కడ చిన్నకోడలును. గంటె నా చేతులనే ఉండె ఎప్పటికి. నా కంచంల ఎవలన్న గంటె పెట్టంగ నేనింతవరకు చూడలే."

మా ఇంట్లో బాపమ్మ ముందు గానీ, మా ముందు గానీ అమ్మ బాపుతో నేరుగా మాట్లాడేది కాదు. అప్పటి పద్ధతి అది. ఏదైనా చెప్పాలంటే మా ఇద్దరిలో ఒకరిని అడ్డం పెట్టుకునేది. ఆయన ఎదురుగానే ఉన్నా "మీ బాపుకు చెప్పు, నూనె అయిపోయింది" అనేది. అందుకే ఆ రాత్రి అన్నాలప్పుడు నేనే ఆ పని మీద వేసుకుని, "బాపూ, అమ్మ హోటల్ల కూసోని తింటదట" అన్నాను. బాపు నవ్వి, "మీల్స్ ఎంతనో తెలుసా? మనిషికి రూపాయిన్నర. నలుగురికి ఆరు రూపాయలు. ఆరు రూపాయలకు ఎన్ని సోలల కందిపప్పు వస్తదో మీ అమ్మనడుగు" అన్నాడు. అమ్మ చారు గిన్నె మీద మూత పెట్టి, లోపలికి వెళ్లిపోయింది.

అక్కడితో ఆ ఆశ అయిపోయిందనుకున్నాను. కానీ దుకాణం పక్కగదిలో కిరాయికి ఉండే ఆఫీసు గుమాస్తా ఒకాయన ఉన్నట్టుండి నెక్కొండకు బదిలీ అయ్యాడు. మేం ఆయన్ని సార్ అనేవాళ్లం. పెళ్లికాని మనిషి, రోజూ స్టేషన్ రోడ్డు హోటల్లోనే మీల్స్ తినేవాడు. నెలకు సరిపడా టికెట్ల పుస్తకం ఒకేసారి కొనుక్కునేవాడు. ఆయన వెళ్లిపోయేసరికి ఆ పుస్తకంలో నాలుగు టికెట్లు మిగిలాయి. హోటల్‌వాళ్లు వెనక్కి తీసుకోరు. సార్ వాటిని బాపు ముందు పెట్టి, "సగం ధరకు తీసుకోండి సేటూ, ఊరికే పోతయ్" అన్నాడు.

సగం ధర అనే మాట బాపు చెవిన పడ్డాక ఇంకేం కావాలి. నాలుగు టికెట్లు, మూడు రూపాయలు. ఆ రాత్రి ఇంట్లో పండగ లాగా ఉంది. ఒక్క చిక్కు మాత్రం ఉంది. ఆ టికెట్లు చెల్లే ఆఖరి రోజు వచ్చే బుధవారం. బాపు పంచాంగం తెరిచాడు. మంగళవారం భీష్మ ఏకాదశి, బుధవారం ద్వాదశి. ఆయన కళ్లలో వెలుగు నాకిప్పటికీ కనిపిస్తుంది.

"ఏకాదశి నాడు అందరం ఉపాసం. నిక్కమైన ఉపాసం. నీళ్లు తప్ప ఏం లేదు. పుణ్యానికి పుణ్యం. ద్వాదశి నాడు ఆకలి మీద ఉంటం. మీల్సుకు హద్దు లేదు. ఎంత తింటె అంత. ఒక్కొక్కలం రెండు మీల్సులు తినుడే. అప్పుడు ఒక మీల్స్ ఎంత పడ్డట్టు? ఆరాణాలు." చేతులు చరిచాడు. "వరంగల్ మొత్తంల ఎవ్వడు తినలే ఆరాణాలకు మీల్స్."

బాపమ్మ జపమాల తిప్పుతూ, "ఉపాసం దేవునికోసం ఉంటరు బిడ్డా, హోటల్ కోసం ఉంటరా?" అంది.

"దేవునికి తెలుస్తదా అమ్మా, ఎందుకున్నమో?"

"ఆయనకు తెల్వదా మరి? నీ కంటె పెద్ద యాపారి ఆయన."

అమ్మ గడప దగ్గర నిలబడి ఇదంతా వింటోంది. ద్వాదశి పొద్దున ఉపవాసం విడిచే బాపమ్మకు పారణ వంట ఎవరు చేస్తారనేది ఆమె మొహంలో ఉన్న ప్రశ్న. అది బాపమ్మే చదివింది. "నా వంట నేను చేస్కుంట తియ్యి, నాకు కాళ్లు చేతులు లెవ్వా? నువ్వు పోవే. చీర మంచిది కట్టుకొని పో" అంది. ఆ రాత్రి అమ్మ చాలాసేపు పెట్టె తెరిచి చీరలు మడతలు విప్పి, మళ్లీ మడతలు పెట్టడం విన్నాను.

ఏకాదశి గురించి ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. అమ్మ, బాపమ్మ ప్రతి ఏకాదశికీ నిజంగానే ఉపవాసం ఉండేవాళ్లు. బాపు కూడా ఉండేవాడు. ఆయన ఉపవాసంలో అన్నం మాత్రమే ఉండదు. పొద్దున ఉప్మా, మధ్యాహ్నం అరటిపళ్లూ వేయించిన పల్లీలూ, సాయంత్రం సగ్గుబియ్యం పాయసం, రాత్రి మళ్లీ ఉప్మా ఉండేవి. మామూలు రోజుల్లో ఆయన అంత తినడు. నేను, అన్న అయితే ఎప్పుడూ ఉపవాసమే ఉండలేదు. ఆ మంగళవారం మా ముగ్గురి గతి ఏమైందో మీరు ఊహించుకోవచ్చు. పది గంటలకు అన్న చింతపండు బస్తా వాసన చూస్తూ కూర్చున్నాడు. నేను రాసిన లెక్కలన్నిటిలో జవాబు తప్పొచ్చింది. బాపు మధ్యాహ్నానికి దుకాణంలో గుమాస్తా మీద, బేరానికొచ్చిన రైతు మీద, తన చెప్పుల మీద కోప్పడ్డాడు. సాయంత్రం తలకు గుడ్డ కట్టుకుని పడుకున్నాడు. ఆకలేసినప్పుడల్లా నీళ్లు తాగమన్నాడు, తాగాం. అమ్మ మాత్రం మామూలుగా పనులు చేసుకుంటూ తిరిగింది. ఏదో కూనిరాగం కూడా తీసినట్టు గుర్తు.

మర్నాడు పదకొండుకు ముందే హోటల్ మెట్ల మీద ఉన్నాం. అమ్మ వంకాయరంగు పట్టుచీర కట్టింది, అది పెళ్లిళ్లకే బయటికి తీసే చీర. బాపు మాకు దారంతా యుద్ధానికి పోయేవాళ్లకు చెప్పినట్టు చెప్పాడు. ముందుగా పూరీలు తెస్తారు, అవి మోసం, కడుపు నింపడానికి తెస్తారు, వదిలెయ్యాలి. అన్నం తక్కువ, కూరలు ఎక్కువ. మజ్జిగ తాగొద్దు, నీళ్లసలే తాగొద్దు. నెయ్యి చెంచాడే వేస్తారు గానీ, ఆ చెంచా వచ్చినప్పుడు మొహం తిప్పుకోకుండా చూస్తూ ఉంటే రెండో చెంచా పడుతుంది. లోపల ఫ్యాన్ కింద పాలరాతి బల్ల. నలుగురం ఇటు ఇద్దరం అటు ఇద్దరం కూర్చున్నాం. ఆకులు పరిచారు. వడ్డించే ఆయన పేరు నర్సయ్య. నెత్తి సగం బట్టతల, భుజం మీద తువ్వాల, ఒక చేతిలో నాలుగు కూరగిన్నెలు బిగించిన పిడి, రెండో చేతిలో గంటె.

పూరీలు వచ్చాయి. మోసమని చెప్పిన బాపే ముందు తిన్నాడు. ఒకటి కాదు, రెండూ. ఆయన తప్పేం లేదు, ఉప్పొంగి పొగలు కక్కుతూ వచ్చాయి, ఒకటిన్నర రోజు తర్వాత ఎదురుపడిన మొదటి తిండి. అన్న రెండు, నేను రెండు నమలకుండానే మింగాం. పప్పన్నం వచ్చింది. నాలుగు ముద్దలు గబగబా తిన్నాను. ఐదో ముద్ద దగ్గర నా కడుపు తలుపేసుకుంది. అది ఎట్లా చెప్పాలో నాకు తెలియదు. ఎదురుగా ఇంత తిండి, నోట్లో నీళ్లు, లోపల మాత్రం చోటు లేదు. అన్న వైపు చూస్తే వాడు ముద్ద పట్టుకుని గోడ వైపు చూస్తున్నాడు. బాపు నుదుటి మీద చెమట.

"ఏందిరా, తినుండ్రి" అన్నాడు మెల్లగా.

"పోతలేదు బాపూ."

"పోతలేదంటె? లోపల రెండ్రోజుల జాగ ఉన్నది గద."

"నువ్వు తినరాదు మరి."

బాపు ముద్ద ఎత్తాడు, దించాడు. "జర ఆగు. దిగుతాంది" అన్నాడు. ఏదీ దిగలేదు.

అమ్మ అప్పటికి పూరీ ముట్టుకోలేదు. ముందు మజ్జిగ అడిగి తెప్పించుకుని రెండు గుక్కలు తాగింది. నిమ్మళంగా కూర్చుంది. "ఉపాసం కడుపు ముడుసుకొని ఉంటది. ఒక్కపారే మీద పడితె ఎట్ల? దాన్ని లేపాలె ముందు" అంది, ఎవరినీ చూడకుండా. ఈ మాట నిన్ననే చెప్పొచ్చు గదా అని బాపు అనబోయి ఆగిపోయాడు. నిన్న ఆమెను ఎవరడిగారు?

తర్వాత జరిగినదాన్ని నేను కళ్లార్పకుండా చూశాను. ఆమె పప్పుతో కొంచెం అన్నం కలిపింది. నెయ్యి చెంచా వచ్చినప్పుడు మొహం పైకెత్తి చూసింది, రెండో చెంచా పడింది. ఆలుగడ్డ కూరతో ఇంకొంచెం, సొరకాయతో ఇంకొంచెం. మధ్యలో ఒక పూరీ తుంచి, అది చల్లారిందని పక్కన పెడితే, నర్సయ్య గమనించి వేడిది తెచ్చి వేశాడు. వేసి, "ఇంకేం గావాలమ్మా?" అని అడిగాడు.

ఆమె చెయ్యి ఆకు మీదే ఆగిపోయింది. ఆ ప్రశ్నకు జవాబు ఆలోచించుకోవడానికి ఆమెకు కొంచెం టైము పట్టింది. తన జీవితమంతా తనే ఇతరులను అడిగిన మాట అది.

"జర పప్పు" అంది.

"తెస్తున్న. అల్లం పచ్చడి కూడ తెస్త, పప్పుల మంచిగుంటది."

బాపు ఈలోపు హోటల్ గుమాస్తా బల్ల దగ్గరికి వెళ్లి, మా మూడు విస్తళ్ల మిగులు పార్సిల్ కట్టమని అడిగాడు. మీల్స్ పార్సిల్ కట్టరని చెప్పారు. ఒకరి విస్తట్లోది ఒకరు తినకూడదని గోడ మీద బోర్డు ఉండనే ఉంది. తిరిగొచ్చి నర్సయ్యను పట్టుకున్నాడు. "చూడు నర్సయ్యా, మా ముగ్గురివి అయిపోయినయ్. మా వంతుది కూడ ఈమెకే వెయ్యి. టికెట్లు కట్టినం గద."

నర్సయ్య నవ్వాపుకుంటూ, "సేటూ, ఆమె టికెట్టుకే హద్దు లేదు. మీ టికెట్లు కలిపి ఏం చేస్తరు?" అన్నాడు.

అప్పుడు వెలిగింది బాపుకు. మూడు టికెట్లు మునిగిపోయాయి, వచ్చేదంతా ఇక ఆ ఒక్క టికెట్టు మీదే రావాలి. అమ్మ వైపు జరిగి కూర్చున్నాడు. కుస్తీ గోదాలో తమవాడి వైపు నిలబడ్డ మనిషి లాగా గుసగుసగా చెప్పడం మొదలుపెట్టాడు. "పప్పు ఇంకోసారి అడుగు. కూర అడుగు. అన్నం వద్దను, కూరే అడుగు. అగో సాంబారు వస్తాంది, అడుగు." ఆమె సాంబారు పోయించుకుంది, అది అయ్యేదాకా తింది. ఆయన మళ్లీ మొదలుపెట్టాడు.

"నాకెప్పుడు ఏం గావాల్నో నేనే అడుగుత. మీరు సప్పుడు జేక కూసోండ్రి" అంది అమ్మ.

అన్న, నేను ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. మా చెవులతో వినడం అదే మొదటిసారి, మా ఎవరినీ అడ్డం పెట్టుకోకుండా నేరుగా ఆయనతో ఒక మాట. బాపు చప్పుడు చేయకుండా కూర్చున్నాడు. అన్నకు నవ్వొచ్చి నీళ్ల గ్లాసులో మొహం పెట్టుకున్నాడు. ఆ నీళ్లు వాడి ముక్కులోకి పోయాయి. నాకూ అంటుకుంది. నిండిన కడుపుతో నవ్వడం ఎంత నొప్పో, అయినా ఆపలేకపోయాం. చివరికి బాపు కూడా, తన మూడు టికెట్ల నష్టం మీద తనే, తువ్వాల నోటికి అడ్డం పెట్టుకుని భుజాలు కదిలేలా నవ్వాడు. పక్క బల్లలవాళ్లు లేచిపోయారు, కొత్తవాళ్లు వచ్చారు, వాళ్లూ లేచిపోయారు. అమ్మ చారు తింది. పెరుగన్నం తింది. పెరుగన్నం తర్వాత సొరకాయ కూర ఇంకోసారి అడిగి, ఊరికే దాన్నే తింది. ఆ గంటన్నరా మేం ముగ్గురం చేతులెండిపోయి, ఆమె తినడం అయ్యేదాకా ఎదురు చూశాం. ఇంట్లో ఎప్పుడూ ఎదురు చూసేది ఆమె. చివరికి నర్సయ్య అన్నం పళ్లెంతో వచ్చి నిలబడితే, అమ్మ చెయ్యి అడ్డం పెట్టి, "ఇగ చాలు" అంది. నర్సయ్య ఆగాడు.

మేఘనకు ఇదంతా చెప్పి, "మొన్న హోటల్లో మీ అమ్మ ఏం తిన్నదో చెప్పవే" అని అడిగాను. అది ఫోన్ తీసి బిల్లు చూడబోయింది. బిల్లులో నాలుగు ప్లేట్లుంటాయి గానీ ఎవరెంత తిన్నారో ఉండదు. నాకూ తెలియదు, నేనూ అంకెలే చూస్తూ కూర్చున్నాను. పూర్వం మాకు డబ్బు మిగిలేది కాదు, ఇప్పుడూ మిగలడం లేదు, ఆ విషయంలో రెండు కాలాలూ సమానమే. అప్పుడు ఆరాణాలకు మీల్స్ తిందామని మూడు మీల్సులు పారేశాం. ఇప్పుడు మూడు వందల కోసం నూట ఎనభై పారేశాం. నష్టం శాతంలో చూస్తే బాపుదే ఎక్కువ. కానీ ఆయన నష్టం గురించి నవ్వుకోవడానికి నాకు యాభై ఏళ్లు చాలలేదు, ఈ నూట ఎనభై సంగతి వచ్చే వారానికి మా ఇంట్లో ఎవరికీ గుర్తుండదు. వచ్చే ఆదివారం ఫోన్లు ఇంట్లో పెట్టి, నలుగురం ఏది కావాలంటే అది చెప్పుకుని తిందామన్నాను. అంత ఖర్చు ఎందుకని వేణు భయపడ్డాడు.

ఆ ద్వాదశి మధ్యాహ్నం ఇంటికి నడిచి వెళ్తుంటే బాపు అమ్మను అడిగాడు. "ఎట్లున్నది మరి?"

అమ్మ నాలుగడుగులు వేసి, "ఒక్కసారి తింటె ఏం తెలుస్తది?" అంది.

మిర్చి కొనేటప్పుడు ఆయన ఒక్క బస్తా చూసి ధర చెప్పడం ఎన్నడూ లేదు. రెండో బస్తాలో చెయ్యి పెట్టనిదే మాట ఇవ్వడని బజారంతా తెలుసు. ఆ తర్వాతి నెల ద్వాదశికి అమ్మను మళ్లీ తీసుకెళ్లాడు. ఈసారి పూర్తి ధరకు ఒకే ఒక్క టికెట్ కొన్నాడు. అది అమ్మకు. ఆయన ఇంట్లోనే తిని వచ్చి, ఆమె ఎదురుగా కూర్చున్నాడు. తిననివాళ్లు కూర్చోకూడదని హోటల్ గుమాస్తా అంటే, ఇరవై పైసల కాఫీ ఒకటి తెప్పించుకున్నాడట. ఇద్దరూ కలిసి హోటల్‌కు పోయి రూపాయి డెబ్బై పైసల్లో వచ్చామని, మనిషికి పద్నాలుగు అణాలు కూడా పడలేదని దుకాణంలో అందరికీ చెప్పుకున్నాడు. అంతకన్నా చవకైన కుటుంబ భోజనం వరంగల్‌లో లేదన్నాడు.

అప్పటి నుంచి నెలనెలా వెళ్లేవాళ్లు. ఒకసారి నన్నూ వెంట తీసుకెళ్లారు. నాకు మజ్జిగ ఇప్పించి మూల కుర్చీలో కూర్చోబెట్టారు. అమ్మ తింటోంది. బాపు చల్లారిపోయిన కాఫీని గుక్కగుక్కగా పొదుపు చేస్తూ, కళ్లు ఆమె విస్తరి మీదే పెట్టుకుని ఉన్నాడు. విస్తట్లో ఓ పక్క ఖాళీ అవగానే తల తిప్పి పిలిచాడు.

"నర్సయ్యా, ఈమెకు చారు రాలే ఇంక."

"వస్తది తియ్యిండ్రి" అంది అమ్మ, అన్నంలో మెల్లగా గుంట చేసుకుంటూ. "తొందరేమున్నది."